లంబసింగి రోడ్డు ఎవరిది?

లంబసింగి అంటే మా బ్యాచ్‌కి డిసెంబర్ మంచు, బైకులు, స్టేటస్‌లో పెట్టుకునే ఫొటోలు. పోయినేడాది నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే, వెనక కూర్చున్న ఫ్రెండ్ ఈ రోడ్డు ఎవరు వేశారో తెలుసా అని అడిగాడు. నాకు తెలీదు. ఇంటికొచ్చి వెతికితే బాస్టియన్ అనే పేరు దొరికింది. బ్రిటిష్ కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు. ఈ దారి పనికి గిరిజనుల్ని బలవంతంగా తోలి, సరైన కూలి కూడా ఇవ్వలేదట. అతని వెనకాలే అల్లూరి సీతారామరాజు కథలోకి వెళ్లాను.

ఆయన నాకు ముందు సినిమాగానే తెలుసు. తాతయ్యకి 1974 నాటి కృష్ణ, నాకు ఆర్‌ఆర్‌ఆర్. ఇంగ్లిష్ మీడియం సోషల్ పుస్తకంలో ఒకే ఒక్క పేరా. పుట్టింది 1897 జులై 4న, మన పక్కనున్న పాండ్రంగిలో. కొన్నాళ్లు చదివింది మన ఏవీఎన్ కాలేజీలో. చదువు వదిలేసి, సన్యాసిలా తిరిగి, మన్యం చేరాడు. మొదట్లో తుపాకీ ఊసే లేదు. తాగుడు మానండి, తగాదాలు పంచాయతీల్లో తీర్చుకోండి అని చెప్పేవాడు.

అక్కడి జనానికి 1882 మద్రాసు అటవీ చట్టం పోడును, అడవిని దూరం చేసింది. మరి ఎదురు తిరిగే హక్కు? 1860 నాటి శిక్షాస్మృతి ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. కానీ 99వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. సర్కారు ఉద్యోగి తన హోదాలో, సదుద్దేశంతో చేసే పనిని, అది చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, అడ్డుకోకూడదు. ప్రాణభయమో తీవ్రగాయం భయమో ఉంటే తప్ప. పోనీ ఫిర్యాదు చేద్దామా అంటే, 1839 చట్టంతో ఏజెన్సీలో కలెక్టరే ఏజెంటు. పాలనా ఆయనదే, న్యాయమూ ఆయన చేతిలోనే. అడ్మిన్ మీద కంప్లైంట్ అదే అడ్మిన్‌కి పెట్టినట్టు! తుపాకీకేమో 1878 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు పోలీస్ స్టేషన్లు, 26 తుపాకులు. ఏమేం తీసుకెళ్తున్నదీ రికార్డులో రాసి సంతకం పెట్టాడు. భారతీయ పోలీసుల్ని చంపొద్దని తనవాళ్లకి గట్టిగా చెప్పాడు.

సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర కాపు కాసి, కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చి చంపారు. ఇక్కడే నాకు తెగలేదు. ఇది ఆత్మరక్షణ అంటే లా చదివే మా అక్క ఒప్పుకోదు. యుద్ధం అంటుంది. యుద్ధమే అనుకుందాం, దాన్ని ముందు మొదలుపెట్టిందెవరు?

సర్కారు మలబారు స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను దించింది. 1924 మే 7న రాజు పట్టుబడ్డాడు. కొయ్యూరులో కాల్చేశారు. పారిపోబోయాడని చెప్పారు. చెట్టుకి కట్టేసి కాల్చారని మన్యం ఈనాటికీ చెప్పుకుంటుంది. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు. సంతకం పెట్టి మరీ తుపాకులు తీసుకెళ్లిన మనిషిని ఒక్క జడ్జి ముందుకీ తేలేదు.

ఆయనతో నడిచిన గాం మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడి, 1952లో మన విశాఖ నుంచే లోక్‌సభకి వెళ్లాడు. ఆ 99వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 37.

ఈ డిసెంబర్‌కి కృష్ణదేవిపేటలో సమాధి చూసి, కొయ్యూరు మీదుగా వద్దామంటున్నాను. పెట్రోలు ఎవరు పోయించాలన్నదే ఇంకా తేలలేదు.