జన్యు రహస్యవేత్త జాక్ మోనో

రోగక్రిమి దేహంలో ప్రవేశించిన కొద్దిసేపటికే తెల్లరక్తకణాలలో అంతవరకు నిద్రాణంగా ఉన్న జన్యువులు మేల్కొంటాయి. వాటి సందేశం ఆర్.ఎన్.ఎ.గా లిఖితమై రక్షక ప్రోటీన్లు తయారవుతాయి. ఈ లేఖన క్రియనే శాస్త్రజ్ఞులు అనులేఖనం అంటారు. అవసరం లేని వేళ ఆ జన్యువులను మౌనంగా ఉంచేదేమిటి? ఈ ప్రశ్నకు దారి చూపినది మానవదేహం కాదు. అతి సామాన్యమైన ఒక బాక్టీరియా. దాని చేత ఆ రహస్యాన్ని చెప్పించిన వారిలో అగ్రగణ్యుడు జాక్ మోనో.

మోనో 1910 ఫిబ్రవరి 9న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి చిత్రకారుడు, తల్లి అమెరికా దేశస్థురాలు. సంగీతమా, శాస్త్రమా అనే సందిగ్ధం యౌవనంలో ఆయనను చాలాకాలం వెన్నాడింది.

1940లో జర్మన్ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. ఆ చీకటి రోజులలోనే సోర్బాన్ విశ్వవిద్యాలయంలో మోనో బాక్టీరియాకు రెండు రకాల చక్కెరలను కలిపి ఆహారంగా ఇచ్చాడు. అవి మొదట గ్లూకోజును పూర్తిగా ఆరగించి, కొంతసేపు పెరుగుదల మాని, ఆ తరువాతనే రెండవ చక్కెర జోలికి పోయాయి. ఆ విరామంలో కొత్త ఎంజైము తయారవుతున్నదని ఆంద్రే ల్వాఫ్ సూచనతో ఆయన గ్రహించాడు. ఒకవైపు ఈ పరిశోధన, మరొకవైపు రహస్య ప్రతిఘటనోద్యమం! ప్రయోగశాల వెలుపల నిలబెట్టిన జిరాఫీ అస్థిపంజరపు కాలి ఎముకలలో రహస్యపత్రాలు దాచేవాడట. పట్టుబడితే మరణమే.

యుద్ధానంతరం ఆయన పాశ్చర్ సంస్థలో చేరాడు. చక్కెరయే ఎంజైము తయారీని స్వయంగా ప్రేరేపిస్తుందని చాలాకాలం విశ్వసించాడు. 1957 నుండి ఫ్రాంస్వా జాకబ్, ఆర్థర్ పార్డీలతో కలిసి జరిపిన ప్రయోగాలు ఆ విశ్వాసాన్ని తలక్రిందులు చేశాయి. జన్యువుకు ఒక నిరోధకం అడ్డుగా నిలుస్తుంది. చక్కెర ఆ అడ్డును తొలగిస్తుంది. అప్పుడే అనులేఖనం సాగుతుంది. ఏళ్ల తరబడి పెంచుకున్న సిద్ధాంతాన్ని స్వయంగా త్యజించడం ఏ పండితునికైనా కష్టమే. మోనో త్యజించాడు. 1965లో జాకబ్, ల్వాఫ్‌లతో పంచుకున్న నోబెల్ బహుమతి కన్న ఆయన ఔన్నత్యాన్ని చాటేది ఈ త్యాగమే.

1976 మే 31న కాన్ పట్టణంలో మోనో కన్నుమూశాడు. పదేళ్లకు, 1986లో, రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్‌లు రోగనిరోధక కణాలలో ఎన్.ఎఫ్. కప్పా-బి అనే ప్రోటీనును కనుగొన్నారు. అనేక కణాలలో దానినీ ఒక నిరోధకం కేంద్రకం వెలుపలే బంధించి ఉంచుతుందని 1988లో తేలింది. క్రిమి జాడ తెలియగానే ఆ నిరోధకం నశిస్తుంది. బంధం వీడిన ప్రోటీను కేంద్రకంలో ప్రవేశించి రక్షక జన్యువులను మేల్కొలుపుతుంది.