గాంధీ వంటగది: సూరత్ నుంచి వచ్చిన పాల లారీ ఆయనకు ఎందుకు కోపం తెప్పించింది?

1930 మార్చి 29. సూరత్ జిల్లాలోని భట్‌గామ్ అనే పల్లె. ఉప్పు చట్టాన్ని ధిక్కరించడానికి గాంధీ సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరి అప్పటికి 17 రోజులైంది. దారి పొడవునా ఆంగ్లేయుల పాలనను ఎండగడుతూ వచ్చిన ఆయన, ఆ ఊళ్లో మాత్రం ముందు తన వాళ్లనే నిలదీశారు.

కారణం చూడటానికి చిన్నదే. యాత్రికుల కోసం సూరత్ నుంచి మోటారు లారీలో పాలు తెప్పించారు. కూరగాయలూ బయటి నుంచే వచ్చాయి. అవసరానికి మించి పళ్ల బుట్టలు తెచ్చిపెట్టారు. రాత్రి నడకలో వెలుగు కోసం పెట్రోమాక్స్ లైట్ల లాంటి బరువైన కిట్సన్ దీపాలను కూలీల నెత్తిన పెట్టి మోయించారు. గాంధీ నడక వేగం అందరికీ తెలిసిందే. ఆ వేగాన్ని అందుకోవడానికి నెత్తిన బరువుతో కూలీ పరుగెత్తాల్సి వచ్చింది.

అంతకు నాలుగు వారాల ముందే ఆయన వైస్రాయ్ ఇర్విన్‌కు లేఖ రాశారు. వైస్రాయ్ నెల జీతం 21 వేల రూపాయలు, సగటు భారతీయుడి రోజు సంపాదన రెండు అణాల కన్నా తక్కువ అని అందులో లెక్క చెప్పారు. భట్‌గామ్‌లో అదే లెక్కను తనకూ తన బృందానికీ వేసుకున్నారు. పల్లె ఇవ్వలేని తిండి తింటూ, పల్లెకు లేని దీపాలు వాడుతూ వైస్రాయ్‌ని తప్పు పట్టే హక్కు తమకు లేదన్నది ఆయన మాట.

వంట సామగ్రి మీద ఇంత పట్టింపు ఆయనకు ఆ యాత్రలో కొత్తగా పుట్టింది కాదు. దాని వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

లండన్‌లో ఒక స్టవ్

మోహన్‌దాస్ గాంధీ 1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టారు. తండ్రి దివాన్. అలాంటి ఇంటి మగపిల్లవాడికి పొయ్యితో పనేముంటుంది? ఆ పని 1888లో బారిస్టర్ చదువుకు లండన్ వెళ్లాకే పడింది. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్లారు. అద్దె ఇళ్లలో పెట్టే ఉప్పూకారం లేని ఉడకబెట్టిన కూరలతో కడుపు నిండేది కాదు. శాకాహార హోటళ్లు దొరికాక తిండి సమస్య తీరింది గానీ ఖర్చు సమస్య మిగిలింది.

అప్పుడు రెండు గదుల వాటా వదిలేసి ఒకే గదికి మారారు. ఒక స్టవ్ కొనుక్కున్నారు. పొద్దున ఓట్స్ జావ కాచుకోవడం, కోకోకు నీళ్లు మరిగించుకోవడం, అంతే వంట. 20 నిమిషాల పని. మధ్యాహ్నం బయట భోజనం, రాత్రికి ఇంట్లోనే రొట్టె, కోకో. ఇలా రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో బతకడం నేర్చుకున్నారు. ఇంటికి దూరంగా చదువుకునే ఏ కుర్రాడైనా చేసే పనే ఇది. అయితే చాలామంది ఉద్యోగం రాగానే ఆ స్టవ్‌ను మరిచిపోతారు.

ఏడు పౌన్ల తిరగలి

బారిస్టర్‌గా బాగా సంపాదిస్తున్న రోజుల్లో, జోహన్నెస్‌బర్గ్ ఇంట్లో గాంధీ పెట్టిన ఖర్చుల్లో చెప్పుకోదగ్గది ఏడు పౌన్లకు కొన్న తిరగలి. బజారు రొట్టె మానేసి, ఇంట్లో విసిరిన ముడి గోధుమపిండితో పులియబెట్టని రొట్టె చేయించడం మొదలుపెట్టారు. అందుకోసం కొన్నదే ఇది. ఇనుప చక్రం ఒక్కరికి బరువు, ఇద్దరికి తేలిక. గాంధీ, ఆయన సహచరుడు పోలక్, పిల్లలు కలిసి విసిరేవారు. పిండి పిండే, వ్యాయామం వ్యాయామమే.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మన ఇళ్లలో తిరగలి ఆడవాళ్ల పని. తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చున్నది ఎవరో తెలుగు ఊళ్లలో పుట్టిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జోహన్నెస్‌బర్గ్‌లో ఆ పిడిని మగవాళ్లు, మగపిల్లలు పట్టుకున్నారు. రెండోది, కస్తూర్బా అప్పుడప్పుడు మాత్రమే చేయి వేసేవారు. సాయం చేయడం ఇష్టం లేక కాదు, అది ఆమె వంట మొదలుపెట్టే వేళ. ఇంటాయన కొత్త ప్రయోగం మొదలుపెట్టినా ఆమె పొయ్యి ఆరలేదు. గాంధీ నిరాడంబరతను మెచ్చుకునే చాలా జీవితచరిత్రలు ఈ లెక్కను వదిలేస్తుంటాయి.

1910లో మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో టాల్‌స్టాయ్ ఫామ్ మొదలైంది. జైళ్లకు వెళ్లిన సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ ఉండేవి. అందరికీ ఒకే వంటశాల, ఒకే పంక్తి. పొద్దున ఆరింటికి రొట్టె, గోధుమ కాఫీ. పదకొండింటికి అన్నం, పప్పు, కూర. సాయంత్రం గోధుమ జావ, పాలు. ఇవన్నీ తినడానికి మనిషికి ఒకే పాత్ర. జైల్లో ఖైదీలకిచ్చే గిన్నె లాంటిది. చెక్క చెంచాలు ఫామ్‌లోనే చేసుకున్నారు. కంచం, గ్లాసు, గిన్నె, పళ్లెం అన్నీ ఆ ఒక్కటే. దాన్ని కడుక్కునేది తిన్న మనిషే.

1913 నాటి గనికార్మికుల సమ్మెలో ఈ అలవాటు అక్కరకొచ్చింది. ట్రాన్స్‌వాల్ సరిహద్దులోని చార్ల్స్‌టౌన్‌కు వేలమంది చేరారు. వారిలో తమిళులతో పాటు మద్రాసు రాష్ట్రం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. వంటశాలను మసీదు ఆవరణలో పెట్టారు. అక్కడ పొయ్యి 24 గంటలూ మండుతూనే ఉండేది. పెద్ద వంటవాడు గాంధీయే. పప్పు ఒకరోజు నీళ్లయ్యేది, ఇంకోరోజు ఉడికేది కాదు. ఎవరూ గొణగలేదు. అక్కడి నుంచి 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలతో నడక మొదలైనప్పుడు వంటపాత్రలే అక్కర్లేని తిండిని ఎంచుకున్నారు. మనిషికి రోజుకు పౌనున్నర రొట్టె, ఒక ఔన్సు చక్కెర.

1917లో చంపారన్‌కు వెళితే అక్కడి వకీళ్లు ఒక్కొక్కరూ ఒక్కో నౌకరు, వంటవాడితో దిగారు. ఎవరి వంట వారిదే. భోజనాలు అర్ధరాత్రి దాకా సాగేవి. గాంధీ ఎగతాళి చేసి చేసి అందరినీ ఒకే వంటశాల కిందికి తెచ్చారు. ఆ వకీళ్లలో ఒకరైన రాజేంద్రప్రసాద్ తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

మూడు తులాల నెయ్యి

దండి యాత్రకు ముందు తమ బృందానికి ఏం పెట్టాలో ఆయన పత్రికలోనే ప్రకటించారు. పొద్దున జావ, పిండిరొట్టె. మధ్యాహ్నం గట్టి రొట్టె, కూర, మజ్జిగో పాలో. సాయంత్రం వేయించిన శనగలు. రాత్రి కిచిడీ. రోజుకు మనిషికి నెయ్యి మూడు తులాలు మించకూడదు. జావ తామే కాచుకుంటామన్నారు. ఈ జాబితా వండటానికి ఏ పేద ఇంట్లోనైనా ఉండే పెనం, పెద్ద గిన్నె చాలు. తెలిసే అలా రాశారనిపిస్తుంది. ఆ బృందంలో ఆంధ్ర నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యం కూడా ఉన్నారు.

ఆ జాబితాను పక్కనపెట్టి చూస్తే భట్‌గామ్ కోపం అర్థమవుతుంది. పాలు మంచివే. లారీ మీద కూడా ద్వేషం లేదు. యంత్రాలన్నిటినీ ఆయన కాదనలేదు, సింగర్ కుట్టుమిషన్‌ను మెచ్చుకున్న మనిషి. ఒక వస్తువును వాడే ముందు ఆయన చూసేది దాని బరువు ఎవరి నెత్తిన పడుతోందని. ఆ రాత్రి అది నిజంగానే ఒక మనిషి నెత్తిన ఉంది. పైగా ఆయన పేరు మీద, ఆయన సౌకర్యం కోసమే.

ఏప్రిల్ 1న యాత్ర సూరత్ నగరానికి చేరింది. తాపీ నది ఒడ్డున భారీ సభ జరిగింది. 5న దండి. ఇప్పుడు నవసారి జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో సూరత్ జిల్లాలోనే ఉండేది. 6వ తేదీ పొద్దున గాంధీ ఒడ్డున పేరుకున్న ఉప్పును చేత్తో ఎత్తారు.

ఆ తర్వాత దేశమంతా జరిగిన దానికి కావాల్సింది మాత్రం వంటగది సామానే. సముద్రపు నీళ్లు, పొయ్యి, ఒక మూకుడు. తెలుగు తీరం సహా అన్నిచోట్లా జనం ఇళ్లలో ఉన్న గిన్నెల్లోనే నీళ్లు మరిగించి ఉప్పు తీశారు. పొద్దున అన్నం వండిన గిన్నె సాయంత్రానికి నేరానికి సాక్ష్యమైంది. పోలీసులు చాలాచోట్ల ఉప్పుతో పాటు కుండలనూ పగలగొట్టారు. గాంధీని మే 5 అర్ధరాత్రి దాటాక, దండికి దగ్గర్లోని కరాడీలో, తాటాకు పాకలో నిద్రపోతుండగా అరెస్టు చేశారు.

1934 చివర్లో జె.సి. కుమారప్ప కార్యదర్శిగా అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని స్థాపించారు. తిరగలి పిండి, దంపుడు బియ్యం, గానుగ నూనె దాని ప్రధాన కార్యక్రమాలు. జోహన్నెస్‌బర్గ్‌లో ఒక ఇంటి ప్రయోగంగా మొదలైంది పాతికేళ్లు దాటాక సంస్థ పనిగా మారింది. రోకలి, తిరగలి మళ్లీ ఊరూరా తిరగాలంటే వాటిని ఎవరు తిప్పాలన్న ప్రశ్నకు మాత్రం తొలినాళ్ల ఇంట్లో దొరికినంత తేలిక సమాధానం దొరకలేదు. మిల్లు వచ్చిన ఊళ్లలో ఆడవాళ్లు దంపుడు మానుకోవడానికి సంతోషించారంటే వారిని తప్పు పట్టలేం.

1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యారు. 2009 మార్చిలో న్యూయార్క్‌లో ఆయన వస్తువులు కొన్ని వేలానికొచ్చాయి. కళ్లద్దాలు, చెప్పులు, జెనిత్ జేబు గడియారం, ఒక పళ్లెం, ఒక గిన్నె. వ్యాపారవేత్త విజయ్ మాల్యా వాటిని 18 లక్షల డాలర్లకు కొన్నారు.