మార్టిన్ లూథరు: ఆజ్ఞయు, అభయమును

జర్మనీ దేశమునందలి ఐస్లెబెన్ పట్టణమున 1483 నవంబరు 10వ తేదీన మార్టిన్ లూథరు జన్మించెను. తండ్రి హాన్సు రాగి గనుల వ్యాపారమున పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి ఉన్నతోద్యోగి కావలెనని ఆతని కోరిక. లూథరు 1505లో ఎర్ఫర్టు విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొంది, ఆ చదువు మొదలుపెట్టెను. ఆ జూలైలోనే ఒకనాడు త్రోవలో గాలివాన చెలరేగి, దాపున పిడుగు పడెను. ప్రాణము దక్కినచో సన్న్యసించెదనని అతడు మ్రొక్కుకొనెను. పదునైదు దినములకే అగస్తీను సన్న్యాసుల మఠమున ప్రవేశించెను. తండ్రి కోపమునకు మేర లేకపోయెను.

మఠమున లూథరు చేయని తపస్సు లేదు. ఉపవాసములు చేసెను, జాగరణలు చేసెను, చలిలో వణకుచు ప్రార్థించెను. ఒప్పుకొనిన పాపములనే మరల త్రవ్వి తీయుచు గంటల తరబడి గురువునెదుట మోకరిల్లుచుండెను. గురువైన స్టౌపిట్జు సహనశీలుడే గాని, ఆయనకును విసుగు పుట్టెను. ఎంత చెల్లించినను ధర్మశాస్త్రము ఇంకను అడుగుచునే యుండెను. దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపుమనుట మొదటి యాజ్ఞ. దండించు న్యాయాధిపతిగా మాత్రమే తోచువానిని ప్రేమించుటెట్లు? ఆ దేవునిపై తనకు లోలోపల ద్వేషమే పుట్టినదని ఆయన ముదిమిలో దాచక చెప్పుకొనెను.

1512లో డాక్టరు పట్టము పొంది, విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున బైబిలు బోధింపసాగెను. రోమీయులకు పౌలు వ్రాసిన పత్రికను రేయింబవళ్లు మననము చేయగా చేయగా, అందలి దేవుని నీతి యనునది మానవుని శిక్షించు నీతి కాదనియు, విశ్వసించువానికి ఉచితముగా నొసగబడు నీతి యనియు స్ఫురించెను. ధర్మశాస్త్రము చేయవలసినది చెప్పును. చేయు శక్తి నీయదు. సువార్త క్రీస్తు చేసిన దానిని చెప్పి, దానినే చేతికిచ్చును. అట్లని మొదటిది వ్యర్థము కాదు. తనకు రోగము లేదనుకొనువాడు వైద్యుని గడప త్రొక్కడు గదా!

1517లో పాపపరిహార పత్రముల విక్రయముపై తొంబదియైదు సిద్ధాంతములు వెలువరించుటయు, 1521లో వర్మ్సు సభలో చక్రవర్తి యెదుట నిలుచుటయు విద్యార్థులు చరిత్ర పాఠములలో చదివినవే. ఆ పాఠములు సామాన్యముగా చెప్పని కథ తరువాతిది.

పోపు బంధము తెగిన గ్రామములను చూచి రమ్మని 1528లో సాక్సనీ ప్రభువు పంపిన పరిశీలకులలో లూథరు ఒకడు. ఆయన చూచినది హృదయవిదారకము. పది యాజ్ఞలైనను ఎరుగని జనులు సువార్త పేరిట లభించిన స్వేచ్ఛను మాత్రము చక్కగా నేర్చిరి. మరుసటి యేడు ఆయన చిన్న ప్రశ్నోత్తరి వ్రాసెను. అందు మొదట పది యాజ్ఞలు, పిదప విశ్వాస ప్రమాణము, ఆ పిదప ప్రభువు నేర్పిన ప్రార్థన. ఆ క్రమము యాదృచ్ఛికము కాదు. రోగము, ఔషధము, దానికై చేయి చాచుట. 1842లో హయ్యరు దొర గుంటూరు చేరిన పిమ్మట, లూథరను సంఘమువారి మూలమున ఆ పొత్తము మన తెలుగు పిల్లలకును పాఠమైనది.

ఇంతలో ఇంటిలోనే కలత పుట్టెను. జాన్ అగ్రికోలా ఐస్లెబెన్ వాడే. లూథరు శిష్యుడు, ప్రియమిత్రుడు. 1536 చివర కుటుంబముతో విట్టెన్‌బర్గు వచ్చినప్పుడు లూథరు ఇంటనే దిగెను. ఆజ్ఞలకు తగిన చోటు న్యాయస్థానమే గాని దేవాలయము కాదనియు, పశ్చాత్తాపము సువార్త వలననే కలుగవలెననియు అతని వాదము. తన బోధనే కొసకు లాగి తనకప్పగించుచున్న ఆ మిత్రుని చూచి లూథరు నొచ్చెను. 1537 మొదలు బహిరంగ వాదములు సాగించెను. బోధపీఠమునుండి ఆజ్ఞను తరిమినను అది మనస్సాక్షిని వదలదు. ఆజ్ఞ యేమో తెలియనివానికి క్రీస్తు దేనిని నెరవేర్చెనో తెలియదు. విశ్వాసి ఒకేసారి నీతిమంతుడును పాపియును గనుక రెండు మాటలును ప్రతిదినము వినవలసినవాడే. ఇదియే ఆయన వాదసారము. 1540లో అగ్రికోలా బెర్లినుకు వెడలిపోయెను. ఆ స్నేహము మరల అతుకలేదు.

లూథరు వాదము బలమైనదే. ఆయన కలము మాత్రము దయ నెరుగదు. 1525లో తిరుగబడిన రైతులపైనను, 1543లో యూదులపైనను ఆయన వ్రాసినవి ఆయన అభిమానులకే తలవంపులు.

1546 శీతకాలమున, ఒడలు బాగుండకున్నను, మాన్స్‌ఫెల్డు ప్రభువుల దాయాది తగవు తీర్చుటకై ఐస్లెబెన్ వెళ్లెను. ఒప్పందము కుదిరెను. ఫిబ్రవరి 18న, తాను పుట్టిన ఊరనే కన్నుమూసెను. ఆయన చివరిగా వ్రాసిన చీటి యొకటి దొరకెను. మనము బిచ్చగాండ్రమే యని అందుండెను.