నీడలకు ప్రాణము పోసిన ముర్నౌ

మన ఆలంకారికులు భయమును భయానకరసమునకు స్థాయిభావముగా నిర్ణయించిరి. పులియో పిశాచమో ఎదుట నిలిచినప్పుడు ప్రేక్షకుడు ఉలికిపడును. కాని ఆ ఉలికిపాటు క్షణములో తీరిపోవును. తలుపు వెనుక ఏమున్నదో తెలియక మనస్సు తానే కల్పించుకొను భయము మాత్రము ఆట ముగిసి ఇల్లు చేరిన తరువాతను వెంటనంటియే యుండును. చలనచిత్రము ఇంకను మాటలు నేర్వని దినములలోనే ఈ మర్మమును గ్రహించిన దర్శకులలో అగ్రగణ్యుడు జర్మనీ దేశస్థుడైన ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ ముర్నౌ.

ఆయన 1888 డిసెంబరు 28వ తేదీన బీలెఫెల్డ్ నగరమున జన్మించెను. ఇంటిపేరు ప్లుంపె. తండ్రి వస్త్రపరిశ్రమ నడిపినవాడు. ముర్నౌ బెర్లిన్‌లో భాషాశాస్త్రమును, హైడెల్‌బర్గులో కళాచరిత్రను, సాహిత్యమును అభ్యసించెను. విద్యార్థుల నాటకమున ఆయన నటనను చూచి, సుప్రసిద్ధ నాటక ప్రయోక్తయగు మాక్స్ రైన్‌హార్ట్ తన నటనాశాలలో చేర్చుకొనెను. బవేరియాలోని ఒక పట్టణము పేరును తన పేరుగా స్వీకరించి, ఆయన ముర్నౌ అయ్యెను.

ఇంతలో ప్రథమ ప్రపంచ సంగ్రామము వచ్చిపడెను. ఆప్తమిత్రుడైన కవి హాన్స్ ఎరెన్‌బౌమ్ డెగెలె 1915లో యుద్ధరంగమున మరణించెను. ముర్నౌ మొదట పదాతిదళమునను, పిదప విమానదళమునను పనిచేసెను. పలుమార్లు విమానము కూలినను ప్రాణములతో బయటపడెను. 1917లో స్విట్జర్లండు గడ్డపై దిగి, అచట నిర్బంధములో నుంచబడెను. మృత్యువును అంత చేరువగా చూచి వచ్చిన ఆ యువకుడు 1919లో తన తొలిచిత్రమును నిర్మించెను. ఆ తొలినాటి చిత్రములలో పెక్కు నేడు లభ్యములు కావు.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చిన 'నొస్ఫెరాటు' 1922 మార్చి 4వ తేదీన బెర్లిన్‌లో ప్రదర్శింపబడెను. ఇది బ్రామ్ స్టోకర్ వ్రాసిన 'డ్రాకులా' నవలకు అనుకరణము. సాధారణముగా ఇట్టి కథలను స్టూడియోలోని అట్టగోడల నడుమ తీయుచుండిన కాలమున, ముర్నౌ కెమెరాను నిజమైన వీధులకు, కొండలకు, స్లొవేకియాలోని పురాతన దుర్గమునకు తీసికొనిపోయెను. పగటివెలుగులో, పరిచితమైన ఊరిలో కలుగు భయము చీకటిగుహలో కలుగు భయముకంటె తీవ్రమైనది. మాక్స్ ష్రెక్ ధరించిన రక్తపిపాసి పాత్ర మెట్లెక్కి వచ్చు ఘట్టమున ప్రేక్షకునకు కనబడునది గోడపై ప్రాకు నీడ మాత్రమే. తక్కినదంతయు అతని మనస్సే పూరించుకొనును. సూర్యకిరణము సోకగనే రక్తపిపాసి నశించుట నవలలో లేదు. ఈ చిత్రమే ఆ కల్పనను లోకమునకు ఇచ్చెను.

అయితే నిర్మాతలు పాత్రల పేర్లు మార్చిరేగాని గ్రంథస్వామ్యమునకు అనుమతి పొందలేదు. స్టోకర్ భార్య న్యాయస్థానమును ఆశ్రయించెను. నిర్మాణసంస్థ దివాలా తీసెను. 1925లో ప్రతులన్నింటిని నాశనము చేయవలెనని తీర్పు వెలువడెను. ఆమె హక్కు న్యాయమైనదే; కాని ఆ తీర్పు పూర్తిగా అమలు జరిగినచో ఒక మహాకళాఖండము బూడిదయై యుండెడిది. అప్పటికే పరదేశములకు చేరిన ప్రతులు ఎట్లో మిగిలి, ఆ చిత్రమును కాపాడినవి.

1924లో వచ్చిన 'ది లాస్ట్ లాఫ్' చిత్రమున పిశాచములు లేవు. అయినను అందులోని భయము మరింత లోతైనది. ఒక పెద్ద హోటలు ద్వారమున మెరుగుల కోటు ధరించి నిలుచు వృద్ధుని, ముసలితనము వచ్చినదని చెప్పి, మరుగుదొడ్ల వద్ద సేవకునిగా మార్చుదురు. ఆ కోటు వలననే ఇరుగుపొరుగువారు అతనిని గౌరవించుచుండిరి. అతడు దానిని దొంగిలించి, దానితోనే ఇల్లు చేరును. నిజము బయటపడినంతనే నిన్న నమస్కరించినవారే నేడు నవ్వుదురు. పదవీవిరమణ దినమును తలచుకొను ప్రతి ఉద్యోగికిని ఈ కథ గుండెకు తగులును. ఉద్యోగము పోయిన పిదప మిగులు మనిషి ఎవడు అను ప్రశ్నకంటె భయంకరమైన ప్రశ్న మరేమున్నది? ఎమిల్ జానింగ్స్ నటించిన ఈ మూకచిత్రములో సంభాషణలు తెలుపు అక్షరఫలకములు దాదాపు లేనేలేవు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను రొమ్మునకు కట్టుకొని కదలుచు, మద్యము సేవించిన వృద్ధుని తలతిరుగుటను సైతము తెరపై చూపెను. ఆ రోజులలో అదే స్టూడియోలో పనిచేయుచుండిన ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ అను ఆంగ్లయువకుడు ఈ పద్ధతిని కన్నులార చూచెను. తరువాత 1960లో 'సైకో' చిత్రముతో లోకమును వణికించినవాడు అతడే.

విలియం ఫాక్స్ ఆహ్వానముపై ముర్నౌ 1926లో అమెరికా చేరెను. మరుసటి సంవత్సరము వచ్చిన 'సన్‌రైజ్' చిత్రమున భయము మనిషి సంకల్పములోనే పుట్టును. పట్నపు వనిత ప్రేరణచే ఒక రైతు తన భార్యను సరస్సులో ముంచివేయ తలచును. పడవలో ఆమె కన్నులను చూచి, ఆ పని చేయలేకపోవును. దంపతులు మరల ఒకటై తిరిగివచ్చుచుండగా తుఫాను విరుచుకుపడును. తన ప్రాణరక్షణకై అతడు ముందుగా దాచుకొనిన జమ్ముకట్టలే చివరకు ఆమెను తేల్చి కాపాడును. 1929లో జరిగిన మొట్టమొదటి అకాడమీ బహుమాన ప్రదానమున ఈ చిత్రము విశిష్టకళాత్మక చిత్రముగా గౌరవింపబడెను. నాయిక జానెట్ గేనర్‌కు ఉత్తమనటి బహుమానము లభించెను. ధనము మాత్రము ఆశించినంత రాలేదు. అనంతరచిత్రములలో సంస్థవారి జోక్యము పెరుగుటచే ముర్నౌ విసిగి, దక్షిణ పసిఫిక్ సముద్రమునందలి ద్వీపములకు తరలిపోయెను. స్వంతధనము వెచ్చించి, స్థానికులనే నటులుగా గ్రహించి, 'టాబూ' చిత్రమును పూర్తిచేసెను.

ఆ చిత్రము విడుదలకు వారము దినములుండగా, కాలిఫోర్నియా తీరమార్గమున కారు ప్రమాదమునకు గురియై, 1931 మార్చి 11వ తేదీన ముర్నౌ మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 42 సంవత్సరములు. బెర్లిన్ సమీపమున స్టాన్స్‌డార్ఫ్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి. 2015లో దుండగులు ఆ సమాధిని తెరచి ఆయన కపాలమును అపహరించిరి. ఆయన చిత్రములలోనైనను ఇట్టి వికృతఘట్టము లేదు.

మృత్యుభయము, స్థానభ్రంశభయము, తనలోని దుష్టసంకల్పమును గూర్చిన భయము — ఈ మూడింటిని ముర్నౌ మూడు చిత్రములలో నిలిపెను. భయపెట్టుటయే ఆయన ధ్యేయమైనచో ఆ చిత్రములు ఆ కాలముతోనే మరుగుపడెడివి. ఆయన చూపినది భయపడు మనిషిని; ఆ మనిషిపై మనకు జాలి కలుగునట్లు చూపెను. కావుననే ఒక శతాబ్దము గడచినను, ఆ మూగనీడలు నేటికిని చూచువారితో మాటలాడుచున్నవి.