శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారును వారి పాఠశాలలును

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల బంధువులును, సంఘపోషకులగు దాతలును చదువు నీ పుటలలో నెవరి చరిత్రము వ్రాయుట యుచితమని యోచింపగా మాకు శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారి నామమే ముందుగా స్ఫురించెను. వారు ఈ ప్రాంతమువారు గారు, హైదరాబాదు నగరవాసులు. ఐనను, మన బిడ్డలకు బడి యెక్కడ, దానికి ధన మెక్కడిది, ఆ బడిలో గూర్చుండువా రెందఱు అను మూడు ప్రశ్నలు మన సభలలో నేటికిని తెగక నిలిచియున్నవి. ఆ మూడింటిని నూఱేండ్లకు పూర్వమే యెదుర్కొని, పాఠశాలలు స్థాపించి బదులు చెప్పినవారు వర్మగారు.

వీరు 1888 మే 22వ తేదీన హైదరాబాదులో మాలకులమున జన్మించిరి. తండ్రి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. తొలుత పెట్టిన పేరు భాగయ్య. కుటుంబ గురువు దానిని భాగ్యరెడ్డిగా మార్చెను. ఆర్యుల రాకకు ముందు ఈ భూమి నేలినవారు మన పూర్వులేయనియు, ఏలికకు రేడను పేరుండుటచే రెడ్డిశబ్దము మనకును జెల్లుననియు వారి యభిప్రాయము. 1913లో ఆర్యసమాజమువారు వర్మ యను బిరుదము నొసంగిరి. ఈ పేరు జూచి నేటి యువకులు కొందఱు వారిని మఱియొక కులమువారిగా భ్రమించుట మేము వినియున్నాము. కావున నింత వ్రాయవలసివచ్చెను. పేద కుటుంబమగుటచే వారు చిన్ననాడే యొక బారిష్టరుగారి యింట కొలువు జేరిరి. అచటి పుస్తకములును పత్రికలును వారి కొక విద్యాలయమైనవి.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, వర్మగారు జగన్మిత్ర మండలిని స్థాపించిరి. చదువురానివారికి వ్యాసములవలన లాభము లేదని యెఱిగి, హరికథలతోను భజనలతోను వాడలకు బోయిరి. ఆ మండలియే 1911లో మాన్యసంఘమై, తరువాత ఆదిహిందూ సంఘసేవా సమితిగా వర్ధిల్లెను. మద్యపానము, బాల్యవివాహములు, జంతుబలులు, ఆడుబిడ్డలను దేవతలపేర విడుచు దురాచారము, వీనినెల్ల వారు ఖండించిరి. జోగినీ యాచారము నెఱిగిన మన ప్రాంతమువారికి ఈ కడపటి దానిగూర్చి వివరింప నక్కరలేదు. దానిని నిషేధించు శాసనము 1988లోగాని మన రాష్ట్రమునకు రాలేదు. వర్మగారు తమ జీవితమున మూడువేలకు మించిన యుపన్యాసము లిచ్చిరని చెప్పుదురు.

అయినను ఉపన్యాసములకంటె వారి పాఠశాలలే గొప్పవని మా నిశ్చయము. 1910లో హైదరాబాదు ఇసామియాబజారునందు మన బిడ్డలకై తొలి పాఠశాల తెఱచిరి. పిమ్మట లింగంపల్లి మున్నగు చోట్లను తెఱచిరి. నిజాము రాజ్యమున నప్పుడు రాజభాష ఉర్దూ. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూమాధ్యమమున నడచెను. నూటికి పదిమందికైనను అక్షరజ్ఞానము లేని రాజ్యమది. ఇతర కులముల బిడ్డలకే చదువు దుర్లభమైయుండ, మన వాడల బిడ్డ బడిగుమ్మము ద్రొక్కుటయే యపరాధముగా నుండెడిది. అట్టిచోట వర్మగారు తెలుగున చదువు చెప్పించిరి. 1930వ దశకమునాటికి వారి యాజమాన్యమున 26 పాఠశాలలును, వానియందు సుమారు 2,500 మంది బాలబాలికలును ఉండిరి.

ఈ యంకెలను పాఠకులు త్వరగా చదివి విడువరాదని మనవి. ఇరువదియాఱు బడులకు రెండువేల యైదువందలన బడికి తొంబదియైదుగురికి పైబడి బిడ్డలు. ఒక్కొక్క బడికి నెలనెలా ఉపాధ్యాయుని జీతము, ఇంటియద్దె, నల్లబల్ల, పలకలు, వానకాలమున కప్పు మరమ్మతు కావలెను. బడిపంతులుగా జీవితము గడపిన మాకు తెలిసిన సంగతి యొకటి గలదు. బడి తెఱచునాడు దాతలు పోటీపడి యిత్తురు. ఆఱవనెలలో పంతులు జీతమడిగిన దినమున నొక్కరును గానరారు. పన్ను విధించు నధికారముగాని, జమీనుల యాదాయముగాని లేని యొక వ్యక్తి చందాలతోడనే ఆ బడులను ఏండ్లతరబడి నిలుపుట సామాన్యము గాదు. రాయ్ బాలముకుందుగారు, వామననాయకుగారు మొదలగు పెద్దలు కులభేదము పాటింపక తోడ్పడిరి. వాడలలోని కూలివారి సహాయమును జిన్నదిగా నెంచరాదు. కూలి చేయదగిన పిల్లవానిని బడికి బంపుటయే యొక చందా గదా.

తరువాత ఆ పాఠశాలలను నిజాము ప్రభుత్వము తన నిర్వహణములోనికి దీసికొనెను. ఇది లాభమా, నష్టమా యని మనవారిలో నేటికిని చర్చ గలదు. లాభమేయని మే మందుము. ప్రజాధనమున మన బిడ్డలకును వాటా గలదని పాలకులు ఒప్పుకొనుట వర్మగారి విజయము. కాని సర్కారు చేతికి బోయిన బడి తనది గాదని వాడవా రనుకొనుట మాత్రము నష్టమే. మేము పదవీవిరమణానంతరము చూచిన పల్లెబడులు కొన్నింట గదులున్నవి, పంతుళ్లున్నారు, బిడ్డలే లేరు. మగ్గములపై, బీడీలపై, గల్ఫుదేశములనుండి వచ్చు రూకలపై బ్రదుకు మన కుటుంబములు అప్పుజేసియైనను బిడ్డలను ప్రైవేటు బడి బస్సు నెక్కించుచున్నవి. 2022లో సర్కారుబడులలోను ఆంగ్లమాధ్యమము ప్రారంభమైనను ఆ ప్రవాహ మాగలేదు. గురుకులములలో సీటు దొరకిన బిడ్డ యదృష్టవంతుడు. దొరకనివాని మాటయే మన సంఘము విచారింపవలసినది. 2011 లెక్కల ప్రకారము ఇప్పటి జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలలో అక్షరాస్యులు నూటికి అరువదిమందికి కొంచెము మించియుండిరి. ఇట్టి స్థితిలో సంఘధనమును వివాహమండపమునకు వెచ్చింతమను ప్రతిపాదనకు మేము సమ్మతింపజాలము. సాయంకాల పాఠమునకు నలుగురు పంతుళ్ల జీతమే ముందు. దాతలు మమ్ము మన్నింతురుగాక.

లెక్కల ప్రసంగము వచ్చినది గావున వర్మగారి మఱియొక కృషి చెప్పవలెను. 1917లో బెజవాడయందు ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగినప్పుడు వారే యధ్యక్షులు. పంచమశబ్దము మాకు వలదని వారచట వాదింపగా, ఆ సభ ఆదిఆంధ్ర మహాజనసభగా పేరు మార్చుకొనెను. సంస్కృతము చదివిన మాకు ఇచట నొకమాట చెప్పుట యావశ్యకమని తోచుచున్నది. వర్ణములు నాలుగేయనియు నైదవది లేదనియు మనుస్మృతియే చెప్పుచున్నది. మఱి పంచము డెక్కడనుండి వచ్చెనో ఆ పేరు పెట్టినవారే చెప్పవలెను. 1922లో మద్రాసు ప్రభుత్వము ఆదిఆంధ్ర, ఆదిద్రావిడ నామముల నంగీకరించెను. నిజాము రాజ్యమునను వర్మగారి యనుయాయుల పట్టుదలచే 1931 జనాభా లెక్కలలో మనవారు ఆదిహిందువులుగా నమోదైరి. పేరొక్కటి మారినంతమాత్రమున నేమి యని పరిహసించినవా రుండిరి. లెక్కకు రానివానికి వాటా లేదని వర్మగారికి తెలియును. బడియు, ఉద్యోగమును, శాసనసభలో స్థానమును అంకెలనుబట్టియే గదా పంచబడుచున్నవి.

1930లో జోగిపేటలో మొదటి యాంధ్రమహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగెను. వర్మగారందు పాల్గొనుటకు సనాతనులు కొంద ఱడ్డు చెప్పిరి. అయినను వారు వెనుదీయక అస్పృశ్యతనుగూర్చి ప్రసంగించిరి. నాల్గవ మహాసభ మన సిరిసిల్లలోనే 1935లో, మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను గూడెను. మాతృభాషలో విద్య కావలెనను కోరిక ఆ సభల కోరికలలో ముఖ్యమైనది. వర్మగారి బడులలో నది యంతకు చాల ముందే యమలైయుండెను. ఈ విషయము చరిత్రలు వ్రాయువారు తఱచు మఱచుచున్నారు. 1930లోనే లక్నోలో జరిగిన యఖిలభారత సభకు అధ్యక్షత వహించి, అంబేడ్కరుగారి నాయకత్వమును వారు బలపఱచిరి. భాగ్యనగర్ పత్రికను నడపి, అందు 1931లో వెట్టిమాదిగ యను కథను ప్రకటించిరి. వెట్టి యనగా నేమో మన తాతలకు బాగుగా తెలియును. మాలకులమున బుట్టినవారు మాదిగసోదరుని కష్టమును కథగా వ్రాయుట గమనింపదగినది. బుద్ధజయంతిని జరుపుటయు వారి కలవాటు.

1939 ఫిబ్రవరి 18వ తేదీన శ్రీ వర్మగారు పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు ఏబదేండ్లు. వారు స్థాపించిన ఆదిహిందూ భవనము హైదరాబాదు చాదర్ఘాటునందు కలదు. నగరమునకు బోవు బంధువులు దానిని దర్శింపవచ్చును.