టికెట్ అడిగిన పిల్ల: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం



మన మండలంలో ఏ సంఘం బాగా నడుస్తున్నట్టు అని ఎవరైనా అడిగితే మనకు వెంటనే నోటికొచ్చే జవాబు ఒకటే. కిస్తీ ఆగలేదు, బ్యాంకు లింకేజీ అప్పు ఏటేటా పెరిగింది, మంచి గ్రేడు వచ్చింది. ఈ నివేదికలో ఆ లెక్కలన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ కిస్తీ కట్టలేక సంఘం నుంచి తప్పుకున్న అక్క ఆ పట్టికలో కనబడదు. ఆమె పోయినంక మిగిలిన తొమ్మిది మంది వసూలు నూటికి నూరు అయితది. దాన్ని గెలుపు అందామా? ఈ మాట మీద గ్రామ సంఘం మీటింగుల్లో మనం ఎన్నోసార్లు వాదులాడుకున్నం, తేలలేదు. ఈ ఏడు దుర్గాబాయమ్మ జీవితం రాయాలని అనుకున్నది అందుకే. ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు గడప దగ్గరే ఆగిపోయారు అన్నది ఆమె చిన్నప్పటి నుంచి చూసిన లెక్క.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట మేనరికపు పెళ్లి చేశారు. అప్పుడు అది అందరిళ్లల్లో జరిగేదే. పెద్దమనిషి అయ్యాక ఆ కాపురానికి పోనని ఆమె గట్టిగా చెప్పింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఈ సంగతి దాచకుండా చెప్పుకోవాలె. ఆమె ధైర్యం ఆమెదే, కానీ ఇంట్లో ఇద్దరు మగవాళ్ల అండ కూడా ఉండింది. ఆ అండ లేని ఆడపిల్లలు మనలో ఎంతమందో. భర్తతో ఆమెకు పగ లేదు. ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నారు. కొన్నేళ్లకు ఆయన చనిపోయినప్పుడు ఆ రెండో భార్యకు ఆశ్రయమిచ్చి, పని నేర్పించి, తన కాళ్ల మీద నిలబెట్టింది దుర్గాబాయే. ఆమె చేసిన పెద్ద పనుల పట్టికల్లో ఇది ఎవరూ రాయరు. నాకైతే మొదట రాయవలసింది ఇదే అనిపిస్తుంది.

బడి విషయానికి వస్తే, ఇంగ్లీషు మీడియం పెట్టారని చిన్న వయసులోనే బడి మానేసింది. హిందీ నేర్చుకుని, తానే కాకినాడలో ఆడవాళ్లకు హిందీ బడి పెట్టింది. అందులో వాళ్ల అమ్మ కూడా చదువుకుంది. పిల్ల పంతులమ్మ, తల్లి విద్యార్థిని అన్నమాట.

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. అప్పటికి దుర్గకు పన్నెండేళ్లు నిండలేదు. ఊళ్లో దేవదాసీలు ఉండేవారు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఉండేవారు. వీళ్లు మామూలు సభకు వచ్చి కూర్చునే వీల్లేదు. గాంధీగారు వీళ్లతో విడిగా మాట్లాడాలని ఈ పిల్ల పట్టుపట్టింది. ఏర్పాట్లు చూసే పెద్దలు, 5,000 రూపాయలు విరాళం తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ కాలంలో 5,000 అంటే మాటలు కాదు. చిన్నపిల్ల ఎక్కడ తెస్తదిలే అనుకుని ఉంటారు. దేవదాసీలే తలా కొంత వేసి, తోడుండి, ఆ సొమ్ము కూడబెట్టించారు. దుర్గ దాన్ని తీసుకెళ్లి పెద్దల చేతిలో పెట్టింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ఆడవాళ్ల డబ్బు సభకు పనికొస్తుంది, వాళ్లు మాత్రం సభకు పనికిరారు. ఇప్పటికీ ఇట్లాంటివి మనం చూస్తనే ఉన్నం.

గాంధీగారు వచ్చారు. కొద్ది నిమిషాలనుకున్నది చాలాసేపు సాగింది. ఆడవాళ్లు ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చారు. మొత్తం 25,000 రూపాయల దాకా అయిందని చెబుతారు. గాంధీగారి హిందీ మాటలను తెలుగులో చెప్పింది ఆ పిల్లే. ఆ తర్వాత పెద్ద సభలో కూడా ఆమె చేతనే తెలుగు చేయించారు.

రెండేళ్లు గడిచాయి. 1923 డిసెంబరులో అఖిల భారత కాంగ్రెస్ సభలు కాకినాడలోనే జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర వాలంటీరుగా దుర్గను నిలబెట్టారు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని చెప్పారు. టికెట్ రెండణాలు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు. పద్నాలుగేళ్ల పిల్ల ఆయన్ను ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడ్డారు. మీరు చెప్పిన నియమమే పాటిస్తున్నానన్నది ఆమె వాదన. చివరికి వాళ్లే రెండణాలు పెట్టి టికెట్ కొంటేగానీ నెహ్రూగారు లోపలికి పోలేదు. ఆయన మాత్రం ఆ పిల్లను మెచ్చుకున్నారు.

ఈ కథ చాలామంది వినే ఉంటారు. ధైర్యం గురించే చెప్పుకుంటారు. నాకు అందులో లెక్కల పుస్తకం కనబడుతుంది. సంఘంలో లీడరమ్మ కిస్తీ ఆలస్యమైతే జరిమానా ఉండదు, మూలన కూర్చునే అక్కకైతే పదిరూపాయలు రాస్తరు. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా వరస కూడా అంతే. తెలిసినాయన ట్రాక్టరు ముందుకొస్తది, ఒంటరి ఆడామె కుప్ప మీద వాన పడుతది. రూలు పేదామెకు ఒకటి, పెద్దాయనకు ఒకటి అయితే దానికి రూలు అని పేరెందుకు?

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలయ్యింది. దుర్గాబాయి మద్రాసులో అందులోకి దిగి అరెస్టయ్యారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు పోయారు. వేలూరు జైల్లో, మధుర జైల్లో ఉన్నారు. మధురలో ఒంటరి కొట్లో పెట్టడంతో ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. జైల్లో ఆమె చూసినది జెండాల సంగతి కాదు. తోటి ఖైదీ ఆడవాళ్లలో చాలామంది చదువు రాక, చట్టం తెలియక, తమ మాట ఎట్లా చెప్పుకోవాలో తెలియక శిక్ష పడినవాళ్లు. వీళ్ల తరఫున మాట్లాడాలంటే తాను లా చదవాలని అక్కడే నిర్ణయించుకున్నారు. మరి ఆమె చదువో? బడి మధ్యలో మానేసిన మనిషి. మెట్రిక్ కూడా లేదు.

బయటికి వచ్చాక రాజకీయాలు పక్కన పెట్టి, ఇరవై ఏళ్లు దాటిన వయసులో ఇంగ్లీషు అక్షరాల దగ్గర నుంచి కూర్చున్నారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాశారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. ఆనర్స్‌కు పోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేమని వైస్ చాన్సలర్ సి.ఆర్.రెడ్డిగారు చెప్పారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమన్నారు. పదిమంది దాకా దొరికారు. అందరూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని తామే హాస్టలు నడుపుకున్నారు. ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. ఆమె చదువు ఆమె చదువుకుంటే ఒక్క సీటు. పదిమందిని వెతుక్కుని పోయింది కాబట్టి ఒక హాస్టలు. మన భాషలో అయితే ఇది ఒక సంఘమే: పదిమంది, ఒక అవసరం, ఉమ్మడి ఖర్చు. ఆ తర్వాత మద్రాసులో లా పూర్తిచేసి, అక్కడే క్రిమినల్ లాయరుగా పనిచేశారు.

చదువుతుండగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మొదట్లో అది పెద్ద సంస్థేం కాదు. చదువు ఆగిపోయిన అమ్మాయిలను మెట్రిక్‌కు కూర్చోబెట్టి చదివించేవారు. క్రమంగా బడి, వసతి గృహం, కుట్టు, నేత, చేతిపనులు, నర్సింగ్ శిక్షణ, ఆస్పత్రి వచ్చాయి. విధవలు, భర్త వదిలేసినవాళ్లు, ఇంట్లో చోటు లేనివాళ్లు అక్కడికి వచ్చి ఏదో ఒక పని చేతబట్టుకుని బయటికి పోయేవారు. విరాళాల కోసం ఆమె తొక్కని గడప లేదు. జమీందార్ల దగ్గరికి, సినిమావాళ్ల దగ్గరికి, మామూలు ఇళ్లకు తిరిగారు. అడగడానికి సిగ్గుపడలేదు. పన్నెండేళ్లకే 5,000 కూడబెట్టిన అనుభవం ఉండనే ఉంది కదా.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో ఆడవాళ్లు మొత్తం 15 మంది. హిందూ స్త్రీలకు ఆస్తి హక్కు ఉండాలని వాదించిన వాళ్లలో ఆమె ఒకరు. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కరే.

ఆ తర్వాత 1952 ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయి, రాజ్యాంగం రాయడంలో కూర్చున్న మనిషిని జనం ఓడించారు. ఎంత బాధపడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. ఓబీ ఎన్నికల్లో పదవి పోతే మీటింగుకు రావడమే మానేసే అక్కలు మనకు తెలుసు. తప్పు పట్టడం లేదు, మనసు అట్లాంటిది. దుర్గాబాయమ్మ చేసిన పెద్ద పనుల్లో చాలావరకు ఆ ఓటమి తర్వాతవే.

ఓడిపోయాక ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. సాంఘిక సంక్షేమం ఆమె బాధ్యత. 1953 జనవరి 22న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు. పదేళ్లు కూడా నిండక ముందే ఒక పెళ్లి, నలభై మూడేళ్లకు తన ఇష్టప్రకారం ఇంకో పెళ్లి. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పుట్టింది. మొదటి అధ్యక్షురాలు ఆమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆ పనికి 4 కోట్ల రూపాయలు పెట్టారు. ఆ డబ్బు ఊళ్లలో మహిళా మండళ్లకు, బాలవాడీలకు, స్వచ్ఛంద సంస్థలకు పోవాలి. ఇవాళ మనం పదిమంది ఒకచోట కూర్చుని తీర్మానం రాసుకుంటున్నమంటే, దానికి ముందు నడిచిన దారి ఆ మహిళా మండళ్లది.

అయితే అప్పుడే ఒక చిక్కు వచ్చింది. ఊళ్లలో పనిచేయడానికి గ్రామ సేవికలు, నర్సులు, టీచర్లు కావాలి. ఆ పనులకు చదువు సర్టిఫికెట్ అడుగుతారు. చదివిన పట్నం అమ్మాయిలు పల్లెలో నిలవరు. పల్లెలోనే ఉండే ఆడవాళ్లకు సర్టిఫికెట్ లేదు. ఒకవైపు మనుషుల కోసం పని వెతుకుతోంది, ఇంకోవైపు పని కోసం మనుషులు వెతుకుతున్నారు, మధ్యలో ఒక కాగితం. 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. చదువు మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లకు రెండేళ్లలో పరీక్షకు తయారయ్యేంత పాఠం చెప్పడం వాటి పని. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. జైలు నుంచి వచ్చి మెట్రిక్ పుస్తకాల ముందు కూర్చున్న మనిషికి, ఆగిపోయిన చదువు మళ్లీ అందుకోవడం ఎంత కష్టమో తెలుసు, అందుకోవచ్చనీ తెలుసు.

అన్నీ ఆమె కళ్ల ముందే జరిగిపోలేదు. 1953లో చైనా పోయి వచ్చాక, కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలని చెప్పడం మొదలుపెట్టారు. భరణం కోసం, పిల్లల కోసం ఆడవాళ్లు ఏళ్ల తరబడి మామూలు కోర్టుల చుట్టూ తిరగొద్దని ఆమె ఉద్దేశం. కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు.

చివరి ఏళ్లు హైదరాబాదులో గడిచాయి. ఆంధ్ర మహిళా సభ అక్కడ కూడా వేళ్లూనుకుంది. కాలేజీలు, అక్షరాస్యత కోసం సాక్షరతా భవన్, విద్యానగర్‌లో ఆస్పత్రి వచ్చాయి. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు. విద్యానగర్ ఆస్పత్రికి ఇప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే ఉంది. ఆ పేరు ఎవరిదో తెలియకుండానే ఎంతోమంది ఆ గేటులోంచి పోయివస్తుంటారు.

ఇక మన పని. మన సంఘాల్లో బ్యాంకు కాగితాల మీద వేలిముద్ర వేసే అక్కలు ఉన్నారు. ఏం కాగితమో, ఎంత అప్పో, వడ్డీ ఎంతో పక్కవాళ్లు చెబితేనే తెలిసేది. పదో తరగతి దగ్గర ఆగిపోయి, ఓపెన్ స్కూల్‌లో కడితే పాసయ్యే కోడళ్లు ఉన్నారు. కిస్తీ కట్టలేక పోయినవాళ్లు కూడా ఊళ్లోనే ఉన్నారు. వచ్చే నెల గ్రామ సంఘం మీటింగుల్లో ఈ మూడు రకాల పేర్లు విడివిడిగా రాసి, మినిట్స్ పుస్తకంతో పాటు మండల సమాఖ్యకు తేవాలని వీఓఏలను కోరుతున్నం. లీడర్ల ఇళ్లల్లో వాళ్లుంటే ఆ పేర్లు కూడా రాయండి.