మైకేల్ ఫారడే – తీగల మర్మము నెరిగిన సంఘపెద్ద

చదువవలసిన భాగము: 1 రాజులు 19:9–13



ఈ దినములలో మన గ్రామ సంఘములలో సహితము కెమెరాలును టీవీ తెరలును వచ్చియున్నవి. క్రిస్మసు ఆరాధనకు మందిరములో చోటు చాలనప్పుడు, బయట పందిరి క్రింద కూర్చున్నవారికి తెరమీద చూపుచున్నాము. అయితే పలుమారు తెరమీద అడ్డముగా నల్లని పట్టీలు మెల్లగా ప్రాకుచుండును. స్పీకరులో ఝుమ్మను మ్రోత ఆగకుండ వినబడుచుండును. డిజిటల్ తీగలైనచో పట్టీలకు బదులు బొమ్మ ముక్కలగుటయో, నడుమ నిలిచిపోవుటయో జరుగును. టీవీ చెడిపోయెనని కొందరు తలంతురు. చాలసార్లు టీవీలో లోపమేమియు ఉండదు. కరెంటు తీగను వీడియో తీగను ఒక్క కట్టగా కట్టి దూరము లాగుటయే ఆ గోలకు కారణము.

ఇట్లు ఎందుకు జరుగునో మనము తెలిసికొనుటకు మూలమైన సత్యమును లోకమునకు వెల్లడించినవాడు ఒక బీద కమ్మరి కుమారుడు, తన సంఘములో పెద్దగా పనిచేసిన భక్తుడు. ఆయన పేరు మైకేల్ ఫారడే. ఈ నెల ఆయన జీవితమును ధ్యానించుదము.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, ఇంగ్లాండు దేశమందు లండను దాపుననున్న న్యూవింగ్టన్‌లో జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి పనివాడు, తరచుగా జబ్బుపడువాడు. నలుగురు పిల్లలలో మైకేలు మూడవవాడు. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు ఒక్క రొట్టెతో ఆ బాలుడు వారమంతయు గడుపవలసి వచ్చెను. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు తప్ప బడిలో ఆయన నేర్చినది లేదు.

1804లో రీబో అను పుస్తకముల వర్తకునియొద్ద చిల్లర పనులు చేయు కుర్రవాడుగా చేరి, మరుసటి ఏట అక్కడనే పుస్తకములకు అట్టలు కట్టు పనిలో ఏడేండ్ల శిష్యరికమునకు కుదిరెను. అట్టకు వచ్చిన పుస్తకమును ఆయన కట్టుటయే గాక చదివెడివాడు. విజ్ఞాన సర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము ఆయన మనస్సును పట్టుకొనెను. 1812లో ఆ అంగడికి వచ్చు ఒకాయన టిక్కెట్లు ఇయ్యగా, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు వినెను. వినినదంతయు శుభ్రముగా వ్రాసి, తన చేతితోనే అట్టకట్టి డేవీకి పంపెను. 1813 మార్చి 1వ తేదీన అదే సంస్థలో సహాయకునిగా నియమింపబడెను.

1821వ సంవత్సరము ఆయన జీవితములో ముఖ్యమైనది. ఆ జూనులో సంఘస్థురాలైన సారా బర్నార్డును వివాహమాడెను. జూలైలో సంఘము నెదుట తన విశ్వాసమును ఒప్పుకొనెను. సెప్టెంబరులో, కరెంటు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసి చూపెను. కరెంటువలన అయస్కాంత బలము పుట్టుచున్నది గదా, అయస్కాంతమువలన కరెంటు ఏల పుట్టకూడదు? ఈ ప్రశ్నను ఆయన పది సంవత్సరములు విడువలేదు.

1831 ఆగష్టు 29వ తేదీన జవాబు దొరికెను. ఆయన ఒక ఇనుప కడియమునకు రెండు ప్రక్కల రెండు తీగ చుట్టలు చుట్టెను. ఆ చుట్టలు ఒకదానినొకటి తాకవు. మొదటి చుట్టకు బ్యాటరీ కలుపగానే రెండవ చుట్టకు తగిలించిన తీగయొద్దనున్న అయస్కాంతపు సూది చలించి, మరల ఊరకుండెను. బ్యాటరీ తీసివేయగానే సూది ఎదురుదిక్కునకు కదలెను. కరెంటు ఒకే తీరుగా ప్రవహించునంతసేపు ఏమియు జరుగలేదు. అది మారునప్పుడు మాత్రమే ప్రక్క తీగలో కరెంటు పుట్టెను.

మన పందిరిలోని గోలకు మూలము ఇక్కడనే యున్నది. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. అది సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున దిక్కు మార్చుకొనుచు ఎడతెగక మారుచునే యుండును. వీడియో తీగలో బొమ్మను మోయు సంకేతమో, సుమారు ఒక్క వోల్టు మాత్రమే. బలమైన తీగ ప్రక్కనే ఆ బలహీనమైన తీగ పొడుగునా పోయినయెడల, తాకకయే దాని అలజడి దీనిలోనికి దిగును. ఎంత దూరము కలిసి పోయిన అంత గోల. కావున రెండు తీగలను వేర్వేరు దారులను తీసికొనిపోవలెను. కనీసము ఒక అడుగు ఎడముండుట మంచిది. ఒకదానినొకటి దాటక తప్పనిచోట సిలువ ఆకారముగా అడ్డముగా దాటవలెను, ప్రక్కప్రక్కన పోరాదు. మిగిలిన వీడియో తీగను కరెంటు బోర్డు ప్రక్కన చుట్టగా పడవేయరాదు.

ఫారడే మరియొక సంగతిని కూడ చూపెను. 1836లో ఆయన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పొడవు, వెడల్పు, ఎత్తు పన్నెండేసి అడుగులుగల కొయ్య చట్రపు గదిని కట్టించి, దానిని రాగి తీగతోను తగరపు రేకుతోను కప్పించెను. విద్యుత్ యంత్రముతో ఆ గదికి బహు బలమైన విద్యుత్తు ఎక్కించిరి. వెలుపల నిప్పురవ్వలు ఎగురుచుండగా, ఆయన లోపల ప్రవేశించి వెలిగించిన క్రొవ్వొత్తులతోను సున్నితమైన సాధనములతోను పరీక్షించెను. లోపల విద్యుత్తు జాడ ఏమియు కనబడలేదు.

నేడు వీడియోకు వాడు కోయాక్సియల్ తీగను కోసి చూడుడి. నడుమ రాగి తీగ, దానిచుట్టు తెల్లని పొర, దానిమీద అల్లిన లోహపు వల, పైన నల్లని తొడుగు. ఆ వల ఫారడే గదికి చిన్న రూపమే. తీగ కొననున్న కనెక్టరుకు ఆ వల చుట్టును గట్టిగా అంటియుండవలెను. తెగినచో తలుపు తెరచినట్లే. అయినను కరెంటు తీగవలని అయస్కాంత ప్రభావమును ఆ పలుచని వల అంతగా ఆపలేదు. కాబట్టి వలయు కావలెను, ఎడమును కావలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయుచున్నాము. కెమెరాను ఒక మూలను, టీవీని మరియొక మూలను వేర్వేరు ప్లగ్గులకు తగిలించినప్పుడు, రెండుచోట్ల ఎర్తు సమానముగా లేనియెడల ఆ వలగుండనే కరెంటు పారి మ్రోత పుట్టును. రెండింటిని ఒకే బోర్డునుండి నడిపించినచో అది చాలవరకు తగ్గును. తగ్గనియెడల వీడియో తీగకు పెట్టు ఐసొలేటరు కొనవచ్చును. మ్రోత పోవుటకై ప్లగ్గులోని ఎర్తు పిన్నును విరుచువారు కలరు. అట్లు చేయకుడి! ఆ మూడవ పిన్ను మన ప్రాణములకు కావలి. అట్లే రెండు తీగలను ఒకే గొట్టములో దూర్చరాదు. లోపల తొడుగు చిట్లినయెడల మైకు పట్టిన బోధకుని చేతికి, కెమెరా పట్టిన యౌవనస్థుని చేతికి 230 వోల్టులు వచ్చును.

ఫారడే ఇంత ఘనుడైనను తన చిన్న సంఘమును విడువలేదు. దానిని సాండెమేనియన్ సంఘమందురు. 1840లో ఆయన అందులో పెద్దగా ఎన్నుకొనబడెను. 1844లో క్రమశిక్షణ విషయమైన వివాదములో, మరికొందరితోపాటు ఆయనను వెలివేసిరి. లోకమంతట పేరుగాంచినవాడు ఆ అవమానమునకు అలిగి వేరొక సంఘమునకు పోవచ్చును, ఆయన పోలేదు. కొన్ని వారములకు మరల చేర్చుకొనబడి, పెద్దరికము లేకయే ఏండ్ల తరబడి సంఘములో నిలిచెను. 1860లో మరల పెద్దయై 1864 వరకు సేవచేసెను. ప్రభుత్వమిచ్చు సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని ఆయన అంగీకరింపలేదు. ఓడలవారి క్షేమముకొరకు దీపస్తంభములను మెరుగుపరచుటయందును, క్రిస్మసు దినములలో పిల్లలకు శాస్త్రము బోధించుటయందును సంతోషించెను. రోమా పత్రిక 1:20లోని భావమును 1854లో తన ఉపన్యాసమొకదానిలో స్మరించెను.

కడపటి దినములలో జ్ఞాపకశక్తి తగ్గిపోయెను. 1867 ఆగష్టు 25వ తేదీన, హాంప్టన్ కోర్టులో విక్టోరియా రాణి ఇచ్చిన గృహమందు కన్నుమూసెను. ఆయన దేహము హైగేట్ శ్మశానములో నిరాడంబరముగా ఉంచబడెను.

పైన సూచించిన భాగములో ఏలీయా పర్వతముమీద నిలిచియుండగా పెనుగాలియు భూకంపమును అగ్నియు గడచిపోయెను. దేవుని మాట మాత్రము మెల్లని స్వరముగా వచ్చెను. వీడియో తీగ మోయు సంకేతమును అట్టిదే, మెల్లనిది. కరెంటు తీగ చెడ్డది కాదు. అది లేనిదే దీపము వెలుగదు. పొలము పని, వ్యాపారము, పిల్లల పెండ్లి, ఇవియు చెడ్డవి కావు. ఇవి లేనిదే కుటుంబము నడువదు. అయితే బలమైనదానిని బలహీనమైనదానితో ఒక్క కట్టగా కట్టినప్పుడు మెల్లని స్వరము వినబడకపోవును. ఫారడే శాస్త్రమునకు దాని చోటు, సంఘమునకు దాని చోటు ఇచ్చి, రెండింటిని నమ్మకముగా మోసెను. మన దినములోను ప్రార్థనకు వేరొక దారి, కొంత ఎడము, గట్టి కాపు ఏర్పరచుకొందము. రాబోవు కూటమునకు తీగలు లాగునప్పుడు మన యౌవనస్థులు ఈ సంగతులను మరువక, పందిరి కట్టకముందే దారులు చూచుకొందురుగాక.